అత్తగారికి చదివిన లావుపాటి నవల

అత్తగారి కంట్లో రెటీనాకి ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళపాటు బోర్లా పడుకునే ఉండాలన్నాడు డాక్టరు. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగే మనిషి మంచానికి అతుక్కుపోయి, గోడలమీద సణగడం మొదలుపెట్టింది.

బడి సంచులకు జిప్పులు కుట్టే కోడలు, కార్ఖానా నుంచి వస్తూ లైబ్రరీలో ఆగింది.

"త్వరగా అయిపోని కథేదైనా ఇవ్వండి."

లైబ్రేరియన్ పై అరలోంచి ఇటుకంత పుస్తకం దింపాడు. "రహస్య సంఘాల మీద నవలమ్మా. ఎవరు తీసుకెళ్ళినా సగంలోనే తెచ్చిచ్చేశారు."

నిజమే. గంటలు పోతపోసేవాళ్ళు, పటాలు గీసేవాళ్ళు, చచ్చిపోయిన భాషలు, నక్షత్రాల లెక్కలు, నేలకింది సొరంగాలు. ఒక్కో వాక్యం పేజీ దాటినా ఆగేది కాదు. కోడలికి ఊపిరాడలేదు.

"తలా తోకా తెలియట్లేదు అత్తయ్యా."

"ఉండవే. ఆ గంటలవాడు ఇందాకటి సన్యాసికి శిష్యుడు కదూ? అంటే ఆ సన్యాసి దగ్గరే పెరిగిన పటాలాయనకి వేలువిడిచిన మేనమామ లాంటివాడు. పద, చదువు," అంది అత్తగారు దిండులోంచి.

అక్కడినుంచి సంఘాలన్నీ చుట్టరికాలైపోయాయి. కథ కదిలింది. కోడలు పని చేసుకుంటున్నా ఆ సొరంగాలే కళ్ళముందు మెదిలేవి.

ఒకనాటి సాయంత్రం ప్రమాణం చేసే ఘట్టం వచ్చింది. సంఘంలో ఒక్కొక్కరికి ఆ రహస్యంలో ఒక్కో ముక్కే తెలుసు. విన్నది పెదవి దాటకూడదు.

"మేమూ అంతేనే," అంది అత్తగారు.

ఆవిడ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కాల్స్ కలిపే పని చేసిందని తప్ప కోడలికి ఇంకేమీ తెలియదు.

"చెవిన పడింది నోట రాకూడదని చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు. ఎవరు పోయారో, ఎవరు ఎవర్ని వదిలేశారో, ఆ ఇంటివాళ్ళకంటే ముందు మాకు తెలిసేది. పక్క కుర్చీ దానితో కూడా అనేవాళ్ళం కాదు."

"మావయ్యగారితోనైనా?"

"అడిగి అడిగే పోయారు పాపం."

"నాకొక్కటి చెప్పండి."

"చెప్పేస్తే ఇన్నాళ్ళు దాచింది దండగ కాదుటే?"

కోడలు పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. దిండుమీద చెదిరిన ఆ నెరిసిన జుట్టుకేసి చూస్తూ ఉండిపోయింది. ఒక ఊరి ఏడుపులూ సంబరాలూ ఆ తలలో చప్పుడు లేకుండా కూర్చున్నాయి. ఈ మనిషితోనేనా తను పాలగిన్నె మాడిందని పోట్లాడింది!

కట్టు విప్పారు. చూపు వచ్చింది. ఇక మీరే చదువుకోవచ్చని కోడలు పుస్తకం చేతికిస్తే, అత్తగారు దాని బరువు చూసి తిరిగిచ్చేసింది.

"నువ్వే చదువు. వినడం నాకు అలవాటు."

చివరి అధ్యాయంలో ఆఖరి సభ్యుడు తన ముక్క ఎవరికీ చెప్పకుండానే కన్నుమూశాడు. కోడలు పుస్తకం మూసింది.

"ఇదంతా ఒక్క బుర్రలో ఎలా పట్టిందే, రాసినవాడికి!" అంది అత్తగారు. ఆ వెంటనే, "మొదటి పేజీ మళ్ళీ తియ్యి. అప్పుడు అర్థంకాక గబగబా దాటేశాం," అంది.