రత్నక్క కారం కజ్జికాయలు

పుదీనా, అల్లం వేసి ఖైమా వేయిస్తుంటే, నీరంతా ఇగిరి నూనె తేలేటప్పుడు ఒక వాసన వస్తుంది. ఎవరికైనా ఆకలి పుట్టించే వాసన. నాకు మాత్రం ఈ రోజుకూ ఆకలి పుట్టదు, రత్నక్క గుర్తుకొస్తుంది.

పెళ్ళై జవళగిరి నుంచి హోసూరుకు వచ్చిన కొత్తలో ఆమె మా పక్క వాటాలో ఉండేది. మొగుడు లేడు. ఇంట్లోనే కారం కజ్జికాయలు చేసి బతికేది. తీపి కజ్జికాయల్లాగే పూరీ వత్తి, మడిచి, అంచు మూయడమే. లోపల కొబ్బరి, బెల్లం బదులు ఖైమా ఉంటుంది, లేదా బీన్సు, క్యారెట్టు, ఆలుగడ్డ. ఖైమావి ఫ్యాక్టరీ గేటు దగ్గరున్న టీ అంగడికి పోయేవి. కూరగాయలవి మా ఇంటి ఓనరు శెట్టెమ్మ గారింటికి. వాళ్ళు మాంసం ముట్టరు. రెండు పొయ్యిలు, రెండు బాణళ్ళు వేరువేరుగా ఉన్నాయని శెట్టెమ్మ స్వయంగా వచ్చి చూసి వెళ్ళాకే తినడానికి ఒప్పుకుందట. వేగాక రెండూ ఒకే రంగు కాబట్టి తేడా అంచులోనే. కూరగాయలవాటికి జడ అల్లినట్టు మడత, మాంసంవాటికి వేలితో నొక్కిన గీతలు.

ఆ అంచుల పని నాకు నేర్పింది రత్నక్కే. "చేయి ఈడ, కన్నూ ఈడనే ఉండల్ల. నోరు యాడికన్నా పోనీలే," అనేది.

శెట్టెమ్మ కూతురు లక్ష్మి సీమంతం రోజు నా నోటితో పాటు కన్ను కూడా పోయింది. మా ఊళ్ళో ఏనుగులు రాగిచేను తొక్కిన సంగతి చెబుతూ అంచులు మడుస్తున్నాను. కూరగాయల డబ్బాను శెట్టెమ్మ అల్లుడు స్కూటర్ మీద తీసుకుపోయాడు. తర్వాత ఖైమావి నూనెలో వేయబోతూ రత్నక్క ఆగిపోయింది. చేతిలో ఉన్నదానికి జడ అంచు ఉంది. విరిచింది. లోపల ఖైమా.

నేను ఇట్లా మడిచినవి కూరగాయల పళ్ళెంలోకి ఎన్ని పోయాయో తెలియదు. రత్నక్క కొంగు పట్టుకున్నాను.

"చెప్పొద్దక్కా. మెత్తటి ఖైమా, వాళ్ళు కనుక్కోలేరు. తెలిస్తే ఇల్లు ఖాళీ చేయిస్తారు."

"వాళ్ళకి తెలీకుంటే సరే. నాకు తెలిసింది యాడికి పోతుంది?" అంటూ చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది.

రెండు వీధులు పరుగెత్తాం. మేము చేరేసరికి ముత్తైదువలు విస్తళ్ళ ముందు కూర్చున్నారు. లక్ష్మి చేయి నోటి దాకా వెళ్ళింది.

"తినొద్దు తల్లీ, కింద పెట్టు," అంది రత్నక్క గడప బయట నిలబడి. "మాంసంది కలిసిందేమో."

లక్ష్మి దాన్ని విస్తట్లో పెట్టేసింది. అదృష్టం, అప్పటికి ఎవరూ కొరకలేదు.

"ఎట్ల కలిసె?" అని అడిగింది శెట్టెమ్మ.

"నా చేతి తప్పమ్మా."

ఆమె వెనకే నేను ఉన్నాను. నోరు విప్పలేదు.

"నిన్ను నమ్మినాను రత్నా," అంది శెట్టెమ్మ. అంతే. డబ్బా మొత్తం కాలువలో కుమ్మరించారు, ఒక్కటీ విరిచి చూడలేదు. అందులో మాంసంది ఉందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

నెల తిరగక ముందే రత్నక్క ఇల్లు ఖాళీ చేసి సామల్పట్టిలో తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. మూటలు కట్టేటప్పుడు అడిగాను: "నా పేరు ఎందుకు చెప్పలేదక్కా?"

"చెప్పింటే నీవు మళ్ళా పిండి ముట్టింటావా?"

తిట్టి ఉంటే బాగుండేది. మళ్ళీ ఆమెను చూడలేదు.

ఇప్పుడు నా బతుకూ ఈ కజ్జికాయలే. ప్రతి వాయలో ఒకటి విరిచి చూడనిదే డబ్బాలో పెట్టను. "అత్తా, అన్నీ విరిస్తే అమ్మేదానికి గాలే మిగులుతాది," అని కోడలు ఎగతాళి చేస్తుంది.

పోయిన వారం ఒకామె కూరగాయలవి కావాలని వచ్చింది. కూతురి పుట్టినరోజట. చూడగానే పోల్చుకున్నాను, శెట్టెమ్మ కూతురు లక్ష్మి. నన్ను గుర్తుపట్టలేదు. ఊరుకుంటే సరిపోయేది. చెబితే వాళ్ళ వీధి వీధంతా నా ఇంటి తిండి మానేస్తుంది. పిండి చేతులు కొంగుకు తుడుచుకున్నాను.

"కూర్చోమ్మా. ఆర్డరు ఇచ్చే ముందు ఒక మాట వినల్ల. నీ సీమంతం పొద్దు అంచులు తప్పు మడిచింది రత్నక్క కాదు. నేను."

లక్ష్మి చేతిసంచి తీసుకుంది. "మా అమ్మకి చెప్పి చూస్తాను," అని లేచి వెళ్ళింది. ఇంకా కబురు రాలేదు. వీధిలో స్కూటర్ ఆగితే ఉలిక్కిపడుతున్నాను. రత్నక్క ఇన్నేళ్ళూ మోసిన నింద ఇప్పుడు నా మీదికి వచ్చింది. బరువుగానే ఉంది.