దానిమ్మ తొక్కకు తుప్పు మేకు సాక్ష్యం

ఈ రోజు మధ్యాహ్నం జనగామ కాలేజీలోని నా రసాయనశాలకు లింగాల ఘనపూర్ నుంచి ఒక అవ్వ, ఆమె కోడలు వచ్చారు. అవ్వ చేతిలో గ్లాసెడు నల్లని కషాయం ఉంది.

"సారూ, నా కొడుక్కు విరేచనాలైతే దానిమ్మ తొక్కలు మరగబెట్టమన్న. గిది సూడుండ్రి, సిరా లెక్కున్నది! ఏదో మందు వెట్టింది. ఇయ్యాల దీన్ని పుట్టింటికి తోలుడే!"

"కుండ పలిగింది సారూ. ఇనుప మూకుట్ల మరగబెట్టిన, గంతే," అంది కోడలు.

ఆ తొక్కకు వగరునిచ్చే టానిన్లే విరేచనాలకు మేలు చేస్తాయి. ఇనుము తగిలితే అవే నల్లబడతాయి. అవ్వ కొంగున కట్టుకొచ్చిన మిగతా తొక్కలను గాజు పాత్రలో మరిగించాను. పసుపు రంగు దిగింది. అందులో తుప్పు మేకు వేస్తే, చూస్తుండగానే నల్లబడింది.

"ఓయమ్మో, గిది ఇనుము జేసిన పనా? జర ముందే చెప్పొద్దా పిల్లా!"

"పొద్దటి సంది చెప్తనే ఉన్న గదత్తా."

కొడుకును దవాఖానలో చూపించమని చెప్పి పంపాను. సాయంత్రమైనా నా మనసు కుదుటపడలేదు. ఆ మేకు ఇంకా బల్ల మీదే ఉంది. మనిషి మాట చెల్లని చోట దాని మాట చెల్లింది. మీ ఇంట్లో ఎవరి మాటకు ఇలా మేకు కావలసి వస్తోందో కాస్త చెప్పండి.