రాజవ్వ చేసిన గొడ్డలి

నిన్న పొద్దున ఆఫీస్‌కు బయల్దేరుతుంటే అమ్మ ఫోన్.

"అవ్వ పోయింది బిడ్డా" అంది.

తర్వాత ఏం చెప్పిందో నాకు వినపడలేదు. స్కూటీ కీస్ చేతిలో పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాను.

మా అమ్మమ్మ రాజవ్వ. బోథ్ దగ్గర ఒక ఊళ్లో కొలిమి నడిపిన మనిషి.

నిప్పురవ్వలు పడి తాత చూపు పోయాక, ఆయన తిత్తి ఊదుతుంటే తనే సమ్మెట పట్టింది. ఆడమనిషికి కొలిమి ఏంటని ఊరు గుసగుసలాడింది. కోతలొచ్చేసరికి అదే ఊరు ఆమె ముందు లైన్ కట్టింది.

జొన్న కోసేవాళ్ల కొడవలికి ఒక వంపు, పెద్దపల్లి వైపు వరి కోతలకు పోయేవాళ్లకు సన్న పళ్లు, ఉట్నూర్ గూడేలకు తేలికైన గొడ్డలి. ఎవరి చేతికి తగ్గది వాళ్లకు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, పక్కూళ్లో గట్టు తగాదాలో ఒక రైతును నరికేశారు. పోలీసులు ఆ రైతు దగ్గరి జీతగాణ్ని కొట్టి, తాళ్లతో కట్టి, శవం పక్కన దొరికిన గొడ్డలితో సహా కొలిమి దగ్గరికి తెచ్చారు. ఇది వీడికి నువ్వే చేసిచ్చావా అని అడిగారు.

అమ్మమ్మ చూడగానే పోల్చుకుంది.

ఎడమచేతివాటం మనిషి కోసం అంచు అటువైపు సాన పెట్టిన గొడ్డలి అది. కొలిమి వదిలి, ఆ రైతు పక్క చేన్లోనే సేద్యంలోకి దిగిన తన సొంత తమ్ముడికి చేసిచ్చింది.

తాత దాన్ని తడిమి తెలుసుకున్నాడు. మాట్లాడొద్దని ఆమె చెయ్యి నొక్కాడట.

జీతగాడు నేల చూస్తూ నిలబడ్డాడట. నోట్లోంచి రక్తం కారుతోందట.

"గిది నా చేతిదే సారూ. మా తమ్మునికి చేసిచ్చిన. గీ జీతగాణ్ని ఇడిచిపెట్టుండ్రి" అంది అమ్మమ్మ.

తమ్ముడికి యావజ్జీవం పడింది. జైల్లోనే పోయాడు. శవాన్ని తెచ్చిన రోజు అమ్మమ్మ పుట్టింటికి పరుగున వెళ్తే, కన్నతల్లే తలుపేసుకుంది.

మళ్లీ ఆ గడప తొక్కనివ్వలేదు. ఆ తల్లి చనిపోయిన సంగతి కూడా ఎవరో అంగడిలో చెబితే తెలిసింది.

అమ్మమ్మ తర్వాత కూడా గొడ్డళ్లు చేసింది. ఇల్లు గడవాలి కదా.

ఒక్కసారి నేనే అడిగాను, ఎందుకు చెప్పావని.

"అబద్ధమాడబుద్ధి కాలే బిడ్డా. గని వాడు యాదికొస్తే గిప్పటికీ బువ్వ బుక్క దిగది" అంది.

నిన్న అమ్మమ్మకు కప్పాల్సిన పుట్టింటి చీర కోసం మధ్యాహ్నం దాకా ఆగాం. కబురు పంపాం. ఫోన్లు చేశాం. ఎవరూ రాలేదు.

చివరికి అమ్మే తన బీరువాలోంచి కొత్త చీర తీసి కప్పింది.

పోయిరా అమ్మమ్మా.

అక్కడ నీ తమ్ముడు నీకు ఎదురొచ్చి పలకరించాలి. నీ మనసు చల్లబడాలి.