పచ్చి కోడి గిన్నెలో మిగిలిన వెన్న

కోళ్లు కాల్చి అమ్మే ఆ హోటల్‌లో అందరూ ‘వెన్నక్క’ అని పిలిచే వంటామె పని ఎందుకు మానేసిందన్న విషయంలో మూడు మాటలు ప్రచారంలో ఉన్నాయి. యజమానితో పడలేదని ఒకరు, మరో హోటల్ వాళ్లు లాగేసుకున్నారని ఇంకొకరు, పొయ్యి సెగకు చూపు మందగించిందని వేరొకరు అన్నారు. ముగ్గురినీ విచారించాను. వారిలో కళ్లారా చూసినవారు ఒక్కరూ లేరు. అసలు సంగతి ఆ వంటగదిలో పనిచేసినవాళ్లు చెప్పారు.

ఆమె పనితీరు తెలిస్తేగాని జరిగినది అర్థం కాదు. మెత్తబడిన వెన్నలో దంచిన వెల్లుల్లి, నిమ్మతొక్క తురుము, మిరియాలు, సన్నగా తరిగిన కొత్తిమీర కలిపి రెండు గిన్నెల్లోకి తీసేది. ఒకటి రొట్టెతో వడ్డించడానికి. రెండోది కోడి చర్మం కిందికి వేళ్లు పోనిచ్చి మాంసానికి పట్టించడానికి. పచ్చి మాంసం తాకిన చేయి పడ్డ గిన్నెలో ఎంత మిగిలినా పారేయాలి. ఆ నియమం పెట్టింది ఆమే.

ఒకనాడు రెండో గిన్నెలో సగం మిగిలింది. పారేయడానికి ఆమెకు చేతులు రాలేదు. మర్నాడు కోళ్లకే వాడదామని కాగితంలో చుట్టి, గుర్తేమీ వేయకుండా, వడ్డించే వెన్న పక్కనే ఫ్రిజ్‌లో పెట్టింది. మర్నాడు ఆమె వచ్చేలోపే, అక్కడే వడ్డన చేసే తోడికోడలు అది వడ్డించే వెన్నే అనుకుని ఆ చుట్టను కోసి రొట్టెలతో పంపింది. తిన్నవాళ్లలో నలుగురు ఆసుపత్రి పాలయ్యారు.

“చేతులు కడుక్కోవడం కూడా నేనే నేర్పాలా నీకు?” అని యజమాని తోడికోడలి మీద విరుచుకుపడ్డాడు.

“కడుక్కున్నానండీ! కావాలంటే అక్కనడగండి.”

ఫ్రిజ్‌లో వెన్న చుట్ట కనిపించకపోవడంతో అప్పటికే వెన్నక్కకు సంగతంతా తెలిసిపోయింది. అయినా తల వంచుకుని వెల్లుల్లి ఒలుస్తూ ఉండిపోయింది. తోడికోడలిని పనిలోంచి తీసేశారు.

ఇద్దరిదీ ఒకటే ఇల్లు, ఒకటే వంటిల్లు. తొమ్మిది రోజులు ఆ తోడికోడలే వండి పెట్టింది.

“ఏంటక్కా, ముద్ద దిగట్లేదా? నా చేతి తిండంటే నీక్కూడా భయమేనా?” అని నవ్వింది తొమ్మిదో రోజు.

కంచం ముందు నుంచి వెన్నక్క లేచి వెళ్లిపోయింది.

పదో రోజు పొద్దున వంటగదిలో అందరూ ఉండగా చెప్పింది: “కోళ్లకు పట్టించగా మిగిలిన ఆ వెన్న చుట్టింది నేను, అక్కడ పెట్టింది నేను. దానికేం తెలీదు.”

యజమాని గొంతు తగ్గించాడు. “పోనీలే వెన్నక్కా, అయిందేదో అయింది. బయట అనకు. నువ్వు లేకపోతే ఈ కోళ్లనెవరు తింటారు?”

“పోనివ్వకండి సార్. ముందు దాన్ని పిలిపించండి.”

తోడికోడలు తిరిగి పనిలో చేరింది. అక్కతో మాత్రం మాట్లాడలేదు. ఎవరూ పొమ్మనకపోయినా ఆ వారమే వెన్నక్క పని మానేసింది.

వెన్న దాచడం పొరపాటు. నోరు మెదపకుండా తొమ్మిది రోజులు ఆ నిందను తోడికోడలి మీదే ఉండనివ్వడం తెలిసి చేసిన తప్పు. పదో రోజున ఎవరూ అడగకుండానే ఒప్పుకుంది.