గడపకు కట్టిన వేప మండలు

మా అమ్మాయికి ఏడో ఏట రక్త క్యాన్సర్ వచ్చింది. కర్ణాటకలోని మా ఊరు చిమ్కోడ్ నుంచి బీదర్ పోయాం, అక్కడినుంచి హైదరాబాద్‌లో పెద్దాసుపత్రికి పంపారు. మందు ఎక్కించిన ప్రతిసారీ కొన్నాళ్లు ఒంట్లో రోగాన్ని అడ్డుకునే శక్తి ఉండదట. అందుకని నేనూ పిల్లా ఆసుపత్రి దగ్గరే గది తీసుకున్నాం. మా ఆయన బీదర్ గాంధీ గంజ్ బజార్లో మూటలు మోస్తాడు, పని వదిలి మా దగ్గర ఉండలేడు. ఆ గదిలో పిల్ల అన్నం ముట్టేది కాదు. ఇంటికి పోదామన్న మాట తప్ప దాని నోట ఇంకో మాట లేదు.

చివరికి డాక్టరమ్మ ఒప్పుకుంది, ఒక షరతు మీద. బయటివాళ్లెవరూ పిల్ల దగ్గరికి రాకూడదు. జ్వరం తగిలిందంటే వెంటనే ఆసుపత్రికి రావాలి, ఆ తర్వాత మందులు పూర్తయ్యేదాకా ఇంటి ఊసెత్తకూడదు. సరేనని తలూపాను. ఊపేటప్పుడు మా ఊరు గుర్తు రాలేదు.

మా ఊళ్లో ఒంట్లో బాగాలేనివాళ్లను చూడబోకపోవడం తప్పు. వట్టి చేతులతో పోవడం ఇంకా పెద్ద తప్పు. మేం బస్సు దిగిన సాయంత్రమే జామకాయలతో, బిస్కెట్లతో జనం వచ్చారు. ఒకామెకు దగ్గు. ఇంకొకామె చంకలో ముక్కు కారుతున్న మనవడు. నాకసలే ముక్కు మీద కోపం. ఎవరూ రావద్దని డాక్టర్ చెప్పిందంటూ గట్టిగానే అన్నాను.

"మేమేమన్న పరాయోళ్లమా?" అంటూ పక్కింటి పెద్దమ్మ లోపలికొచ్చి మంచం మీద కూర్చుంది.

పిల్లను లోపలి గదిలోకి లాక్కుపోయి తలుపేశాను. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు. ఎట్లాగో నాకు పాలుపోలేదు.

పొద్దున లేచేసరికి మా అత్తమ్మ గడపకు రెండువైపులా వేప మండలు కట్టేసింది. అవి కనిపిస్తే ఆ ఇంట్లో అమ్మవారు పోసిందని లెక్క. ఎవరూ గడప తొక్కరు, ఎవరూ తప్పు పట్టరు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

"గంత పెద్ద దవఖానకు పోయొచ్చి ఈ మండలేంది అత్తమ్మా? లేని అమ్మవారు పోసిందని అబద్ధం చెప్తవా?"

"పోసిందని నేనెప్పుడన్న? మండలు కట్టిన, గంతే," అంది చీపురు అందుకుంటూ.

ఆ రోజు ఒక్కరూ లోపలికి రాలేదు. పిల్ల వేడి వేడి జొన్నరొట్టె పప్పులో ముంచుకుని తింది, ఇంకోటి అడిగింది. నా కడుపు నిండిపోయింది.

నాలుగు రోజులు హాయిగా గడిచాక, ఊళ్లో పిల్లల ఆరోగ్యం చూసే ఆశా కార్యకర్త పరుగున వచ్చింది. ఎవరికి పోసిందని కన్నడంలో గాభరాగా అడిగింది. ఇక దాచలేక ఉన్నదున్నట్టు చెప్పాను. మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకింది. పెద్దమ్మ మా ఇంటి ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. మండలు పీకి మా మొహాన కొడుతుందనే అనుకున్నాను.

"మా దగ్గుతోని పోరి పానం మీదికొస్తదని తెలిస్తే మేమొస్తుంటిమా?" అని వీధిలోంచే అరిచింది. తర్వాత గడప వైపు చూసి గొంతు తగ్గించింది. "మండలెండినయ్. రేపు జనవాడ నుంచి మా చెల్లె వస్తది. అది చెప్తే వినే రకం కాదు. పచ్చివి కట్టుండ్రి."

తాడిని తన్నేవాడుంటే వాడి తల దన్నేవాడు ఉంటాడంటారు. మా అత్తమ్మ ఆ రోజు పెద్దమ్మకు దండం పెట్టింది.

అప్పటినుంచి పరామర్శలన్నీ వీధిలోంచే. సాయంత్రమైతే ఆడవాళ్లు ఎదురు గోడకానుకుని ఏం తిన్నవని అడిగేవారు, పిల్ల కిటికీలోంచి జవాబిచ్చేది.

మళ్లీ హైదరాబాద్ పోయినప్పుడు డాక్టరమ్మ పిల్లను పరీక్షించి, రక్తం రిపోర్టు చూసి, ఇంటికి ఎవరూ రావడం లేదా అని అడిగింది.

"ఊరంతా వస్తది మేడం. గడప అవతలే ఉంటది," అన్నాను.

ఆమె నవ్వింది. ఈసారి కూడా మందు ఎక్కించాక ఇంటికే పోవచ్చంది. నాకు ఏడుపొచ్చింది.

తిరిగొచ్చి బస్సు దిగేసరికి ప్రతి వాకిట్లో ఎవరో ఒకరు నిలబడి, దూరం నుంచే ఎట్లున్నవని అడుగుతున్నారు. మాస్కు వెనకనుంచి మా పిల్ల ఒక్కొక్కరికీ బాగున్ననని చెబుతోంది. తొందరగా నడవమని చెయ్యి లాగాను.

"అడిగినోళ్లకు చెప్పొద్దా అమ్మా?" అని అక్కడే ఆగిపోయింది.