హనుమంతరాయుడు మామ షుగరు చాటింపు

మా హనుమంతరాయుడు మామకు షుగరు ఉండటం కన్నా పెద్ద రోగం ఒకటుంది. ఆ షుగరు ఎంతుందో ఊరందరికీ చెప్పడం. ఆర్టీసీ బస్సులో ముప్పయ్యేళ్లు అరిచిన కండక్టరు గొంతు. పొద్దున ఆయన వేలికి సూది గుచ్చుకున్నాడంటే కంబదూరులో నాలుగు వీధులకు తెలిసిపోయేది.

"నూట ఇరవై! రాత్రి సంగటి సగం ముద్దే తిన్న్యా!"

పెళ్లి భోజనాల్లో మరీ ఘోరం. విస్తరి వేయగానే చొక్కా ఎత్తి పొట్టలో ఇన్సులిన్ పొడుచుకునేవాడు. లడ్డు వడ్డించబోతే, "యాడికి తెస్తాండావప్పా? నాకు షుగరుండాది. ఇంకో గంటె కూర వెయ్!" అని కేక. పక్కన కూర్చున్న నేను తల దించుకునేవాణ్ణి.

అసలు సంగతేమిటంటే, నాకూ షుగరే. ముప్పై నాలుగేళ్ల బడిపంతులుకు ఇన్సులినేమిటని నవ్వుతారని, బాత్రూములో గడియ పెట్టుకుని పొడుచుకునేవాణ్ణి. నా భార్య త్రివేణికి తప్ప ఎవరికీ తెలియదు. "నలుగురికి తెలిస్తే ఏమైతాది?" అని ఆమె అంటే, "మామ మాదిరి నన్నూ నవ్వులపాలు చేస్తావా?" అని కసురుకునేవాణ్ణి.

మొన్న మడకశిరలో బంధువుల గృహప్రవేశానికి మామా, నేనూ వెళ్లాం. భోజనాలకు పిలుస్తున్నారని విని, బాత్రూములో దూరి ఇన్సులిన్ తీసుకుని వచ్చాను. తీరా చూస్తే, ఎవరో నాయకుడు రావాలని వడ్డన ఆపేశారు. గంటయినా ఆయన జాడ లేదు. నాకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, కళ్లు మసకబారాయి. తిండి పడక షుగరు పడిపోతోంది, గుప్పెడు చక్కెర అడిగితే చాలు. సిగ్గుతో నోరు రాలేదు.

అంతలో మామ దబ్బున కూలబడ్డాడు. "నాకు షుగరు డౌనైపోయిందప్పా! చక్కెర నీళ్లు తేండి!"

జనం ఆయన చుట్టూ మూగారు. చెంబు రాగానే, "అందరూ జరగండప్పా, గాలి రానీండి. అల్లుడా, నువ్వుండు" అని నన్ను దగ్గరికి లాక్కున్నాడు. తువ్వాలు అడ్డం పెట్టి, చెంబు నా నోటికి అందించాడు.

"తాగు. మాటలు తర్వాత."

పావుగంటకు నా వణుకు తగ్గింది. ఆయనకు మాత్రం ముగ్గురు ఇంకా విసురుతూనే ఉన్నారు.

"నీకెట్ల తెలిసింది మామా?" అన్నాను, గొంతు తగ్గించి.

"టికెట్టు లేనోని మొగం నాకు తెలీదా? ఏడాదిగా చూస్తాండా నిన్ను. రేపు పొద్దున ఇంటికి రా."

వెళ్లాను. వెనకింట్లో చాప మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు. మామ అరుపులు విని, ఈయన్నయితే అడగవచ్చని ఒక్కొక్కరే చాటుగా వచ్చినవాళ్లట. ఎంత తినాలో, సూది ఎక్కడ పొడుచుకోవాలో మామ నేర్పుతున్నాడు, అదీ గుసగుసగా! ముగ్గురిలో మా హెడ్మాస్టరు గంగాధరప్ప గారొకరు. నన్ను చూసి గబుక్కున చొక్కా దించుకున్నారు. ఇద్దరం మొహాలు చూసుకోలేక చెరో గోడను చూశాం.

ఇడ్లీలమ్మే అంజనమ్మ జరిగి నాకు చోటిచ్చింది.

"కూర్చో సారూ. మీ పెద్దసారు మొదటిరోజు వాకిట్లోనుంచే తిరిగిపోయినాడు. నువ్వే నయం."