మాషెజి సముద్రాన్ని ఎంచుకుంది

దక్షిణాఫ్రికాలో ఉమ్‌లాజి బస్తీ నుంచి డర్బన్ నడిబొడ్డుకి టాక్సీలు తోలేవాళ్ళలో ఫికిలె మజిబుకో చేత జరిమానా రాయించుకోనివాడంటూ ఉంటే, వాడు నిన్నగాక మొన్న స్టీరింగు పట్టినవాడై ఉండాలి. ట్రాఫిక్ పోలీసు యూనిఫాంలో ఆమె రోడ్డు మధ్యకి వచ్చి అరచెయ్యి ఎత్తిందంటే, జనాన్ని కుక్కుకుని దూసుకొచ్చే బండి కూడా నోరుమూసుకుని పక్కకి ఆగేది. బతిమాలితే వినదు, బెదిరిస్తే నవ్వుతుంది, చేతిలో ఏదైనా పెట్టబోతే దానికి ఇంకో కేసు రాస్తుంది. డ్రైవర్లు ఆమెకి ముళ్ళకంచె అని పేరు పెట్టారు. ఆ పేరు ఆమె చెవిన పడింది, నచ్చింది కూడా.

అలాంటి మనిషి డిసెంబరులో బెర్గ్‌విల్ దగ్గర కొండల కిందున్న అత్తవారింటికి వెళ్ళేసరికి ఎవరో వేరే ఆడదానిలా మారిపోయేది. భుజాల మీద శాలువా, తలకి గుడ్డ, చూపు నేల మీద. అక్కడ ఆమెని ఎవరూ ఫికిలె అనరు. షెజి వాళ్ళ ఆడపిల్ల కాబట్టి మాషెజి. తెల్లారకముందే లేచి ఆరుబయట మూడుకాళ్ళ ఇనుప కుండల కింద మంట పెట్టాలి, మొక్కజొన్న పిండితో పుతు వండాలి, జొన్న బీరు వడకట్టాలి, వచ్చిన ప్రతివాడికీ మోకాళ్ళ మీద కూర్చుని పళ్ళెం అందించాలి. పండక్కి కోసిన పశువు బోటి కడగడం కోడలి పని. ఆ ఇంటికి కోడలు ఒక్కతే. ట్రాఫిక్ వాళ్ళకి డిసెంబరులో సెలవివ్వరు. ఈస్టరుకీ, మిగతా పండగలకీ అందరి డ్యూటీలూ తన నెత్తిన వేసుకుని, ఆ నాలుగు రోజులు సంపాదించి, తీసుకెళ్ళి ఆ పొగలో పోసేది.

అక్కడి అధికారం ఆడపడుచు సిజానిది. ఫికిలె మొగుడు బెకికి ఆమె అక్క. కాపరానికి వెళ్ళి ఏడాది తిరక్కుండా పుట్టింటికి వచ్చేసి, కోడళ్ళు ఎలా మసలుకోవాలో లోకానికి నేర్పడమే పనిగా పెట్టుకున్న మనిషి. గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఫికిలె బోటి కడిగి గిన్నె ముందుకి తెచ్చి పెడితే, ఒక ముక్క రెండు వేళ్ళతో ఎత్తి వాసన చూసి, మొహం అటు తిప్పుకుని, "ఇంకోసారి కడుగు" అనేది. ఎంత శుభ్రంగా ఉన్నా అంతే. ఒక్క ఏడాది కూడా మొదటిసారికి బాగుందన్న పాపాన పోలేదు.

ఆరేళ్ళ కిందట క్రిస్మస్ ముందురోజు డర్బన్ అవతలున్న పోర్ట్ షెప్‌స్టన్ ఆస్పత్రి నుంచి ఫికిలెకి ఫోనొచ్చింది. తల్లికి బాగాలేదు, వెంటనే రమ్మన్నారు. బెర్గ్‌విల్ నుంచి డర్బన్ వైపు ఆ రోజుకి మిగిలిన టాక్సీ ఒక్కటే. అప్పటికి ఆమె మోచేతుల దాకా బోటిలో ఉంది. వెళ్తానంది. సిజాని కుర్చీలోంచి కదలకుండా ముందు బోటి సంగతి చూడమంది, మీ అమ్మ ఎక్కడికీ పారిపోదంది. ఫికిలె పరుగు పరుగున కడిగి తెచ్చింది. సిజాని వాసన చూసి ఇంకోసారి కడగమంది. పశువుల దొడ్డి దగ్గర నిలబడ్డ మొగుడి వైపు చూస్తే, అక్క చెప్పినట్టు చేసేయ్, అరగంటలో ఏం మునిగిపోతుందన్నాడు. ఆమె రెండోసారి కడిగి రోడ్డెక్కేసరికి టాక్సీ దుమ్ము కూడా అణిగిపోయింది. తల్లి ఆ రాత్రే పోయింది. ఎవరూ లేని వార్డులో, ఎవరో నర్సు చెయ్యి పట్టుకుని పోయిందట.

ఆ తరవాత కూడా ఫికిలె ఏటా డిసెంబరులో వెళ్ళింది, కడిగింది. ఎందుకు వెళ్ళావని అడిగితే ఆమెకే జవాబు తెలియదు. పళ్ళు నూరుకుంటూ వెళ్ళింది, అంతే. సిజానిని ద్వేషించడం ఆమెకి రోజూ వేసుకునే మందులా అలవాటైపోయింది.

ఈ పరిస్థితుల్లో ఒక శనివారం మాల్‌లో ఒకమ్మాయి ఫికిలెకీ బెకికీ బెలూన్లిచ్చి, ఉచితంగా టిఫిన్ పెడతామని చెప్పి, సెలవుల క్లబ్బు వాళ్ళ హాల్లో కూర్చోబెట్టింది. బెకి టిఫిన్ కోసం వెళ్ళాడు. ఫికిలె ఎవరితోనైనా గొడవ పడొచ్చని వెళ్ళింది. లోరేన్ అనే ఆవిడ వచ్చి, ఒంటినిండా సెంటు, నోటినిండా తేనెతో, నీలం నీళ్ళూ పచ్చ కొండలూ ఉన్న బొమ్మలు వాళ్ళ ముందు పరిచింది. మెంబరుషిప్పు కొంటే ఏటా పాయింట్లొస్తాయి, ఆ పాయింట్లతో క్లబ్బు రిసార్టుల్లో ఎక్కడైనా దిగొచ్చు. కానీ ఒకదాన్ని మాత్రం సొంత రిసార్టుగా ఎంచుకోవాలి. దాన్ని బాగా ఆలోచించి ఎంచుకోమని లోరేన్ మరీ మరీ చెప్పింది. సొంత రిసార్టులో గది ఏడాది ముందే పట్టుకోవచ్చు. వేరే చోటైతే ఆర్నెల్ల ముందు వరకూ ఆగాలి, అప్పటికి క్రిస్మస్ గదులు ఒక్కటీ మిగలవు.

క్రిస్మస్ అన్న మాట వినగానే ఫికిలె చేతిలో గుడ్డు ముక్క చేతిలోనే ఉండిపోయింది. డబ్బు కట్టి తెచ్చుకున్న గది ఉంది, వదులుకుంటే పోతుంది, రాలేం అని చెప్పడానికి ఇంతకన్న మంచి సాకు ఎవరిస్తారు? ఆ హాల్లోకి వచ్చాక మొదటిసారి ఆమె నవ్వింది. ఆ నవ్వు బెకి చూడలేదు. అతను రెండో పళ్ళెం మీదున్నాడు.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. కొనడానికి బెకి ఒప్పుకున్నాడు. ఎలాగూ పోయేది ఆమె జీతంలోంచే, మెంబరుషిప్పు కూడా ఆమె పేరునే. కానీ సొంత రిసార్టు మాత్రం కొండల్లో ఉన్నదే కావాలన్నాడు. వాళ్ళ ఊరికి అరగంట దూరం.

"అక్కావాళ్ళు పొద్దున్న వచ్చి సాయంత్రం వెళ్ళిపోతారు. మనం అటూ ఇటూ పరిగెత్తక్కర్లేదు. నీకూ సుఖమే" అన్నాడు.

"నాకేం సుఖం? కట్టెల పొయ్యి బదులు కరెంటు పొయ్యి, అంతేగా. కుర్చీ కూడా తెచ్చుకుంటుందా మీ అక్క, రిసార్టు కుర్చీలో సర్దుకుంటుందా?"

"నోరు కాస్త అదుపులో పెట్టుకో. ఆవిడ ముందు పరువు తీస్తున్నావు."

"ఆవిడకి మన పరువు అక్కర్లేదు, సంతకం కావాలి." ఫికిలె లోరేన్ వైపు తిరిగింది. "ఏవమ్మా, ఆ ఊరికి అన్నిటికన్నా దూరంగా ఉన్నది ఏది?"

లోరేన్ ఇరవయ్యేళ్ళుగా మొగుడూ పెళ్ళాల పోట్లాటల మధ్య సంతకాలు పెట్టించుకుంటున్న మనిషి. నవ్వు చెదరకుండా దక్షిణ తీరం బొమ్మ ముందుకి జరిపింది. మార్గేట్ ఊరు దాటాక, సముద్రానికి ఆనుకుని, చుట్టూ గోడ, ఒకే గేటు. బయటివాళ్ళు లోపలికి రావాలంటే మెంబరు వచ్చి ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి పిలవాలి. ఆ ఒక్క గేటు ఫికిలెకి గదికన్నా, సముద్రంకన్నా ఎక్కువ నచ్చింది. బెర్గ్‌విల్ నుంచి అక్కడికి రావాలంటే టాక్సీలు మారుతూ రోజంతా పడుతుంది. మోకాళ్ళు పట్టేసిన సిజాని, ఎండంటే గిట్టని సిజాని, అంత దూరం రమ్మన్నా రాదు. బెకి ఎంత గింజుకున్నా ఆమె సముద్రం మీదే సంతకం పెట్టింది.

తెలివైన మనిషి తప్పు చేస్తే మామూలుగా చెయ్యదు. ప్రతి డిసెంబరులోనూ సెలవుకి ముందు రోజుల్లో ఫికిలె హైవే మీద ఏం ఆపేది? లోపలి ఊళ్ళ నుంచి సముద్రానికి వచ్చే బండ్లనే. వెనకాల తాళ్ళతో కట్టిన ఖాళీ సీసాలు, డబ్బాలు. సముద్రపు నీళ్ళు పట్టుకెళ్ళి, కడుపు కడుక్కోవడానికీ, గుమ్మంలో చల్లుకోవడానికీ ఏడాదంతా దాచుకునే జనం. ఆ సీసాలు లెక్కపెట్టి మరీ ఓవర్‌లోడని రాసిన చెయ్యి, సంతకం పెట్టేటప్పుడు ఆ సంగతే మరిచిపోయింది.

డిసెంబరు వచ్చింది. రాలేమని బెకి చేతే ఫోన్ చేయించింది. ఫోన్లో సిజాని అరవలేదు, తిట్టలేదు, ఎక్కడ దిగుతున్నారో మాత్రం అడిగిందట. బెకి నీళ్ళు నమిలి చెప్పేశాడట. ఆ మాట అతను పెళ్ళానికి చెప్పలేదు.

రిసార్టులో మొదటిరోజు ఫికిలె పొద్దెక్కేదాకా పడుకుంది. ఎవరో చేసిన కాఫీ తాగింది. బాల్కనీలో కాళ్ళు చాపుకుని, తల్లి ఉండి ఉంటే ఈ కుర్చీలో కూర్చోబెట్టేదాన్నని అనుకుంది, కాసేపు ఏడ్చింది. సాయంత్రానికి తేలికపడింది. ఇక ప్రతి క్రిస్మస్ ఇంతేనని, ఆ మంట మళ్ళీ తను వెయ్యక్కర్లేదని అనుకుంటే నిద్ర కూడా బాగా పట్టింది.

మర్నాడు, క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం గేటు నుంచి ఫోనొచ్చింది. ఎవరో మజిబుకో వాళ్ళట, బండి నిండా ఉన్నారు, తమ్ముడి ఇల్లు ఇదేనంటున్నారు, కంప్యూటర్లో మీ పేరుంది కాబట్టి మీరొచ్చి చెప్పాలన్నాడు గార్డు. ఫికిలె మొగుడి వైపు చూసింది. అతను సముద్రం వైపు చూశాడు.

గేటు బయట టాక్సీ ఆగి ఉంది. దాని నెత్తిన ఖాళీ డబ్బాలు, మూడుకాళ్ళ కుండ ఒకటి. పిల్లలూ, చిన్నాన్న గారి కొడుకులూ, బంధువులూ దిగి ఊచల్లోంచి లోపలికి చూస్తున్నారు. సిజాని తిరగేసిన బకెట్ మీద కూర్చుని ఉంది, కర్ర ఒళ్ళో పెట్టుకుని. పక్కన మూత పెట్టిన పెద్ద గిన్నె. మూత తీయకపోయినా ఫికిలెకి ఆ వాసన తెలుసు.

"ఏమే మాషెజీ, నువ్వు కొండల్లో కొంటావనుకుని భయపడ్డాను" అంది సిజాని. "ఆ కొండలు నాకు రోజూ ఊరికే కనిపిస్తాయి, వాటికోసం నేనెందుకొస్తాను? సముద్రం కొన్నావు. మంచి పని చేశావు. ఏటా వచ్చి నీళ్ళు పట్టుకెళ్తాం. గేటు తీయించు. బోటి కడక్కుండా అలాగే తెచ్చాను, నీకోసం."

ఫికిలెకి ఒళ్ళంతా మండింది. మండింది ముందు తన మీదే. తరవాత వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డ మొగుడి మీద. గార్డు వైపు తిరిగింది. పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే పేరు పెట్టి పిలిచింది. పెద్దవాళ్ళని పిలిచింది. టాక్సీ డ్రైవరుని కూడా లోపలికి వచ్చి భోంచేయమంది. ఒక్కొక్కళ్ళకీ గార్డు చిన్న తలుపు తీశాడు. అందరూ సముద్రం వైపు పరిగెత్తారు.

"ఇంకెవరమ్మా?" అన్నాడు గార్డు.

"అంతే."

సిజాని లేచి తలుపు దగ్గరికి వచ్చింది. ఫికిలె అరచెయ్యి ఎత్తింది.

"బోటి ఇలా లోపలికి రాకూడదు వదినా. కుళాయి అదిగో, గోడ పక్కన. ముందు బోటి సంగతి చూడు. సముద్రం ఎక్కడికీ పారిపోదు."

సిజాని తమ్ముడి వైపు చూసింది. బెకి ముందుకి అడుగేసి, అక్క పెద్దది, మోకాళ్ళు నొప్పులనబోయాడు. అరగంటలో ఏం మునిగిపోతుందని ఫికిలె అతని మాట అతనికే అప్పజెప్పింది. అతను అక్కడే ఆగిపోయాడు. మధ్యాహ్నం రెండు దాటితే ఆ రోజుకి బయటివాళ్ళని లోపలికి పంపకూడదని గార్డు మెల్లగా చెప్పాడు.

సిజాని గిన్నె ఎత్తుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఎండలో గొంతుక్కూర్చుని కడిగింది. ఎన్నేళ్ళయిందో ఆ చేతులు ఆ పని చేసి, అయినా చక్కగానే కడిగింది. గోడ అవతల పిల్లల కేకలు వినిపిస్తూనే ఉన్నాయి. చాలాసేపటికి గోడ పట్టుకుని లేచి, గిన్నె తెచ్చి ఊచల దగ్గర పెట్టింది.

ఫికిలె వంగి ఒక ముక్క రెండు వేళ్ళతో ఎత్తింది. మల్లెపువ్వులా తెల్లగా ఉంది. వాసన చూసింది. ఏ వాసనా లేదు.

"ఇంకోసారి కడుగు" అంది.

సిజాని ఆమె మొహంలోకి చూసింది. అన్నేళ్ళలో మొదటిసారి సరిగ్గా చూసింది. గిన్నె తీసుకుని మళ్ళీ కుళాయి వైపు నడిచింది.

గార్డు గడియారం చూసుకున్నాడు. "అమ్మా, రెండు కావస్తోంది."

"తెలుసు" అంది ఫికిలె.